తీర్పు ప్రేక్షకునిదే: బెర్టోల్ట్ బ్రెహ్ట్ నాటకకళ

నాటకం చూచి కంటతడి పెట్టడం సహృదయ లక్షణమని మనవారూ అన్నారు, పాశ్చాత్యులూ అన్నారు. ప్రేక్షకునిలో కరుణను, భయాన్ని రేకెత్తించి, ఆ భావాల ద్వారానే అతని మనస్సును ప్రక్షాళనం చేయడం విషాద నాటకపు ధర్మమని అరిస్టాటిల్ నిర్వచించాడు. రంగస్థలం మీది శోకం వ్యక్తిగత బంధాలను వీడి లోకసామాన్యమై, సహృదయుని చిత్తంలో రసంగా పరిణమిస్తుందని మన ఆలంకారికులు వివరించారు. ఈ రెండు మార్గాలలోను ప్రేక్షకుడు కొంతసేపు తన్ను తాను మరచిపోవడం నాటకసిద్ధికి గుర్తు. ఇరవయ్యవ శతాబ్దంలో ఒక జర్మన్ రచయిత ఈ ధర్మాన్నే శంకించాడు. రంగస్థలం మీద జరుగుతున్నది చూస్తూ, ఇది ఇలాగే జరిగి తీరవలసిందా, మరొక విధంగా జరగడానికి వీలులేదా అని ప్రేక్షకుడు ఆలోచించాలన్నాడు. ఏడ్చి తేలికపడిన హృదయంతో ఇంటికి పోయే ప్రేక్షకుడు అతనికి పనికిరాడు. ఆ రచయిత బెర్టోల్ట్ బ్రెహ్ట్.

బ్రెహ్ట్ పేరు చెప్పగానే హృదయంలేని సిద్ధాంతవాది అని కొందరు, పార్టీ ప్రచారకుడని మరికొందరు తోసివేస్తారు. అతని నాటకాలను దగ్గరగా పరిశీలించినవారికి వేరొక సంగతి గోచరిస్తుంది. కన్నీటిని అతడు నిషేధించలేదు. కన్నీటితో వ్యవహారం ముగిసిపోవడాన్ని మాత్రమే సహించలేదు. ఈ భేదం చాలా సున్నితమైనది. దానిని నిలుపుకొనడం నటులకు కష్టమైంది, ప్రేక్షకులకు కష్టమైంది, చివరకు బ్రెహ్ట్‌కే కష్టమైంది.

ఆగ్స్‌బర్గ్ నుంచి బెర్లిన్‌కు

బ్రెహ్ట్ 1898 ఫిబ్రవరి 10వ తేదీన దక్షిణ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి ఒక కాగితపు మిల్లులో ఉద్యోగిగా చేరి, దాని డైరెక్టరు స్థానానికి ఎదిగినవాడు. ఏ వర్గంపై బ్రెహ్ట్ జీవితాంతం కత్తి కట్టాడో ఆ వర్గంలోనే పుట్టి పెరిగాడన్నమాట. మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్రం చదువుతుండగా, మొదటి ప్రపంచయుద్ధపు చివరి దినాలలో, అతణ్ణి స్వస్థలంలోని సైనిక వైద్యశాలలో పరిచారకునిగా నియమించారు. యుద్ధం అతనికి ఆనాటినుంచి వదలని కథావస్తువైంది.

1922లో మ్యూనిక్‌లో ప్రదర్శితమైన 'రాత్రివేళ డప్పులు' అతనికి పేరు తెచ్చింది. యుద్ధంనుంచి తిరిగివచ్చిన సైనికుడు తన ప్రియురాలికి మరొకనితో పెళ్ళి నిశ్చయమైందని తెలుసుకుంటాడు. ఆ మరొకడు యుద్ధకాలపు లాభాలతో పైకి వచ్చినవాడు. బయట వీధులలో విప్లవం చెలరేగుతుంటుంది. ప్రేక్షకుడు ఎదురుచూచే వీరత్యాగం మాత్రం జరగదు. సైనికుడు విప్లవాన్ని వదలి ప్రియురాలితో ఇంటిదారి పడతాడు. ఆ ప్రదర్శన సందర్భంలో నాటకశాలలో కొన్ని పలకలు వ్రేలాడదీశారు. స్వప్నలోకంలో ఉన్నట్లు కళ్ళప్పగించి చూడవద్దని ఒక పలక ప్రేక్షకులను హెచ్చరించింది. అప్పటికి బ్రెహ్ట్ వయస్సు ఇరవైనాలుగు సంవత్సరాలు. సిద్ధాంతం ఇంకా రూపుకట్టలేదు గాని దాని బీజం ఆ పలకలోనే ఉన్నది. ఆ సంవత్సరమే అతనికి క్లైస్ట్ బహుమానం లభించింది.

1924లో అతడు బెర్లిన్‌లో స్థిరపడ్డాడు. చికాగో గోధుమ వ్యాపారం ఇతివృత్తంగా ఒక నాటకం తలపెట్టి, గోధుమ ధర ఎలా నిర్ణయమవుతుందో తెలుసుకోదలచి తెలిసినవారినందరినీ విచారించాడు. సంతృప్తికరమైన సమాధానం దొరకలేదు. నాటకం అసంపూర్ణంగా నిలిచిపోయింది. కాని ఆ అన్వేషణే 1926లో అతణ్ణి మార్క్స్ గ్రంథాలవద్దకు చేర్చింది. ఇది గమనింపదగిన విషయం. రాజకీయాలలో తలమునకలై, వాటి ప్రచారానికి నాటకాన్ని చేపట్టినవాడు కాడు బ్రెహ్ట్. నాటకం ముందుకు సాగక అర్థశాస్త్రం చేతబట్టినవాడు. గోధుమ ధర వెనుకనున్న శక్తులను ఇద్దరు ప్రేమికుల కలహంగా చూపడం సాధ్యం కాదు గదా! పాత నాటకపు చట్రంలో ఇమడని వస్తువు కొత్త చట్రాన్ని కోరింది. అదే కాలంలో ఎర్విన్ పిస్కేటర్ అనే దర్శకుడు చలనచిత్రాలను, గణాంకాలను, యంత్రసహాయంతో కదిలే వేదికలను బెర్లిన్ రంగస్థలం మీదికి తెచ్చాడు. అతనితో కలిసి పనిచేసిన అనుభవం బ్రెహ్ట్‌కు తోడ్పడింది.

1928 ఆగస్టు 31న 'మూడు పెన్నీల సంగీత నాటకం' బెర్లిన్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. 1728లో ఇంగ్లండులో జాన్ గే వ్రాసిన 'బిచ్చగాళ్ళ సంగీత నాటకం' దానికి మూలం. ఎలిజబెత్ హౌప్ట్‌మన్ చేసిన అనువాదం ఆధారంగా బ్రెహ్ట్ దానిని తిరిగి వ్రాయగా, కుర్ట్ వైల్ సంగీతం కూర్చాడు. అందులో దొంగలనాయకుడు పరువుగల వ్యాపారివలె ప్రవర్తిస్తాడు. బిచ్చగాళ్ళకు చింకిగుడ్డలు, కట్టెకాళ్ళు సరఫరా చేసే పీచమ్ ఒకవంక బైబిలు వాక్యాలు వల్లిస్తూ, మరొకవంక రాబడి లెక్క చూసుకుంటాడు. ధనిక సమాజాన్ని దొంగలముఠాతో సమంచేసిన ఆ నాటకానికి ధనిక సమాజమే తరలివచ్చి, చప్పట్లు చరచి, పాటలను ఈలవేసుకుంటూ ఇంటికి పోయింది. తిట్టు కూడా తీయగా ఉంటే వినోదమే అవుతుంది. బ్రెహ్ట్‌కు ఎదురైన మొదటి చిక్కు ఇది.

1933 ఫిబ్రవరి 27 రాత్రి రైష్‌స్టాగ్ భవనం తగులబడింది. మరునాడే బ్రెహ్ట్ భార్య హెలెన్ వైగెల్‌తో దేశం విడిచాడు. మే నెలలో నాజీలు తగులబెట్టిన గ్రంథాలలో అతనివీ ఉన్నవి. 1935లో అతని పౌరసత్వం రద్దయింది. డెన్మార్క్, స్వీడన్, ఫిన్లండ్ దేశాలలో తలదాచుకొని, సోవియట్ దేశాన్ని రైలులో దాటి, ఓడనెక్కి 1941లో కాలిఫోర్నియా చేరాడు. మనం ఈనాడు అతని ప్రధాన కృతులుగా ఎంచే నాటకాలు చాలావరకు ఈ ప్రవాసంలో వ్రాసినవే. ఏ వేదిక మీద, ఏ భాషలో, ఎప్పుడు ఆడతారో తెలియని స్థితిలో వ్రాసినవి.

వీధి మలుపులో సాక్షి

బ్రెహ్ట్ సిద్ధాంతగ్రంథాలలో 1948లో వ్రాసిన 'నాటకరంగానికి చిన్న ఆర్గనం' ప్రధానమైనది. బేకన్ రచించిన 'నోవమ్ ఆర్గనమ్' పేరును అది తలపిస్తుంది. అరిస్టాటిల్ తర్కానికి బేకన్ ఎదురునిలిచినట్లు, అరిస్టాటిల్ నాటకానికి బ్రెహ్ట్ ఎదురునిలిచాడు. ఐతే సామాన్య పాఠకునికి అతని భావం సులభంగా బోధపడేది 1938 నాటి 'వీధి దృశ్యం' అనే వ్యాసంలో. వీధి మలుపులో ఒక ప్రమాదం జరిగింది. చూచినవాడొకడు, ఆలస్యంగా వచ్చిన జనానికి అది ఎలా జరిగిందో చెబుతున్నాడు. బండి నడిపినవాడు ఎలా తిప్పాడో చేయి త్రిప్పి చూపుతాడు. దెబ్బతిన్నవాడు ఎలా నడిచాడో రెండడుగులు వేసి చూపుతాడు. వారిలో ఎవరుగానూ అతడు మారిపోడు. మారిపోతే జనం అతని నటనాకౌశలాన్ని మెచ్చుకుంటారే గాని, తప్పెవరిదో తేల్చుకోలేరు. ఆ సాక్షి అభినయం ఎంతవరకు అవసరమో అంతవరకే సాగుతుంది. నా నటుడు ఈ సాక్షి వంటివాడు కావాలంటాడు బ్రెహ్ట్.

అతడు ప్రతిపాదించిన కథన నాటకానికి, అంటే 'ఎపిక్' నాటకానికి, మూలసూత్రం ఇదే. దీనిని సాధించే ప్రక్రియకు అతడు పెట్టిన జర్మన్ పేరు 'ఫెర్‌ఫ్రెమ్‌డుంగ్'. నిత్యం చూచి అలవాటుపడినదాన్ని మొదటిసారి చూస్తున్నట్లు వింతగా తోపింపజేయడం దాని అర్థం. రోజూ చూచేదాన్ని మనం ప్రశ్నించము. కూలివాని ఆకలి, సైనికుని చావు, పేదరాలి అణకువ, ఇవన్నీ లోకసహజాలని ఊరకుంటాము. వాటిని వింతగా చూపినప్పుడు, ఇది ప్రకృతి నియమం కాదు, మనుష్యులు చేసిన ఏర్పాటు అని స్ఫురిస్తుంది. మనుష్యులు చేసినదాన్ని మనుష్యులు మార్చగలరు.

సాధనాలు సామాన్యమైనవే. దీపాలను మరుగుపరచక ప్రేక్షకులకు కనబడనిచ్చాడు. నిలువెత్తు తెరకు బదులు సగం ఎత్తు తెర కట్టించాడు. ప్రతి రంగానికి ముందు జరగబోయే కథను అక్షరాలలో చూపాడు. ఏమవుతుందో ముందే తెలిసిన ప్రేక్షకుడు, ఎందుకవుతుందన్న దానిపై మనస్సు నిలుపుతాడు. సంభాషణ మధ్య పాట వస్తే నటుడు పాత్రనుంచి ఒక అడుగు వెనుకకు వేసి నిలబడతాడు. అభ్యాససమయంలో నటులచేత వారి మాటలను ప్రథమపురుషలో, భూతకాలంలో చెప్పించేవాడు. 'అతడు లేచి నిలబడి ఇలా అన్నాడు' అని నటుడు తన పాత్రను గురించి చెప్పుకొన్నప్పుడు, పాత్రకూ తనకూ మధ్య ఒక జానెడు దూరం ఏర్పడుతుంది. తీర్పుకు చోటు ఆ జానెడులోనే ఉన్నది.

1935లో మాస్కోలో చైనా నటుడు మెయ్ లాన్‌ఫాంగ్ అభినయం చూచిన బ్రెహ్ట్, తాను వెదకుతున్నది అక్కడ సంప్రదాయంగా నిలిచి ఉండటం గమనించి వ్యాసం వ్రాశాడు. తెలుగువారికీ ఈ తీరు పూర్తిగా కొత్త కాదు. బుర్రకథలో కథకుడు వీరునిగా గర్జించిన మరుక్షణంలో తంబుర మీటుతూ మళ్ళీ కథకుడై నిలుస్తాడు. ప్రక్కనున్న వంతలలో ఒకడు హాస్యం పలికితే, మరొకడు రాజకీయం చెప్పి, నాటి కథను నేటి బ్రతుకుకు ముడిపెడతాడు. బ్రెహ్ట్ దీనిని చూచి నేర్చుకొన్నాడనడానికి వీలులేదు; పోలిక మాత్రమే ఉన్నది. భేదం కూడా ఉన్నది. మన కథకుడు కథలోనుంచి బయటికి వచ్చినా రసభంగం కాదు, అది శ్రోతలకు పరిచితమైన పద్ధతి. బ్రెహ్ట్ ఎదుట ఉన్నది చీకటి నాటకశాల, నిజమైన గదిని అచ్చుగుద్దినట్లు చూపే రంగస్థలం. ఒకచోట జానపదుల అలవాటు అయినది అక్కడ ఆయుధమైంది.

తల్లి కరేజ్ బండి

సిద్ధాంతం నాటకంలో ఎంతవరకు నిలిచిందో చూడటానికి 'తల్లి కరేజ్, ఆమె పిల్లలు' కంటె మంచి నికషం లేదు. 1939లో, రెండవ ప్రపంచయుద్ధం ముంచుకొస్తున్నప్పుడు వ్రాసిన నాటకమిది. కథాకాలం యూరపును 1618 నుంచి 1648 వరకు పీడించిన ముప్పదేళ్ళ యుద్ధం. కరేజ్ సైన్యాలవెంట బండి లాగుకొంటూ సైనికులకు సరకులమ్ముకొనే స్త్రీ. యుద్ధం ఆమెకు జీవనాధారం. ఆ యుద్ధమే ఆమె ముగ్గురు పిల్లలను ఒక్కరొక్కరుగా మింగుతుంది. పెద్దకొడుకు రైతులను చంపి పశువులను దోచినప్పుడు సేనాపతి మెచ్చుకుంటాడు. కొద్దిరోజుల శాంతికాలంలో అదే పని చేసినందుకు మరణశిక్ష పడుతుంది. రెండవవాడు సైనికదళపు డబ్బుపెట్టెను దాచినందుకు పట్టుబడతాడు. లంచమిచ్చి విడిపించవచ్చు. తల్లి బేరమాడుతుంది. బేరం తెగేలోపల తుపాకులు ప్రేలుతవి. శవాన్ని తెచ్చి చూపితే, తన ప్రాణం కాపాడుకోవడానికి, వీడెవడో నేనెరుగనని తల ఊపవలసివస్తుంది. మూగదైన కూతురు కాట్రిన్, నిద్రిస్తున్న పట్టణాన్ని శత్రువుల రాకనుంచి మేల్కొల్పడానికి ఇంటికప్పుపై కూర్చుండి డప్పు వాయించి, తుపాకిగుండుకు బలి అవుతుంది. చివరకు ఒంటరియైన తల్లి బండిని తానే లాగుతూ మళ్ళీ సైన్యం వెంట పోతుంది.

1941 ఏప్రిల్‌లో జ్యూరిచ్‌లో ఈ నాటకం తొలిసారి ప్రదర్శితమైనప్పుడు ప్రేక్షకులు కరేజ్‌లో మాతృశోకాన్ని మాత్రమే చూచారు. పిల్లలను పోగొట్టుకొన్న గ్రీకు పురాణస్త్రీ నియోబితో ఆమెను పోల్చారు. బ్రెహ్ట్ ఊరకుండలేదు. బెర్లిన్ ప్రదర్శనకు ముందు రచనను సవరించాడు. పెద్దకొడుకును సైన్యంలోకి లాగుతున్న సమయంలో తల్లి ఒక బెల్టు బకిలు అమ్మే బేరంలో మునిగి ఉండేటట్లు మార్చాడు. గాయపడినవారికి కట్లు కట్టడానికి చొక్కాలు కావలసివచ్చినప్పుడు, మొదటి ప్రతిలో మనస్ఫూర్తిగా ఇచ్చిన తల్లి, సవరించిన ప్రతిలో ఇవ్వనని మొరాయిస్తుంది. 1949 జనవరి 11న బెర్లిన్‌లో హెలెన్ వైగెల్ ఆ పాత్ర ధరించింది. కొడుకును కాల్చిన తుపాకుల చప్పుడు విని ఆమె తల వెనుకకు వాల్చి, నోరు తెరచి, శబ్దం లేకుండా అరచిన అరపు ఆధునిక రంగస్థల చరిత్రలో నిలిచిపోయింది. కూతురి దహన ఖననాదులకని రైతులకు డబ్బిస్తూ, నాణేలు లెక్కపెట్టి, ఒక నాణెం తిరిగి సంచిలో వేసుకొనేది ఆమె. ఆ ఒక్క నాణెంలో బ్రెహ్ట్ సిద్ధాంతమంతా ఉన్నది. ఆమె దుఃఖం అబద్ధం కాదు. ఆమె వ్యాపారమూ అబద్ధం కాదు. రెండింటినీ ఒకేసారి చూడమంటాడు.

అయినా ప్రేక్షకులు ఏడ్చారు. ఇంత నష్టపోయిన తల్లి చివరకైనా యుద్ధపు నిజస్వరూపాన్ని గ్రహించి ఉండకూడదా అని నాటకకర్త ఫ్రీడ్రిక్ వోల్ఫ్ ప్రశ్నించాడు. కరేజ్ ఏమీ నేర్చుకోకపోయినా, ఆమెను చూచి ప్రేక్షకులు నేర్చుకోవచ్చునన్నది బ్రెహ్ట్ సమాధానపు సారం. మనకు ఇద్దరి మాటలోను కొంత సత్యం కనిపిస్తుంది. కాట్రిన్ డప్పు వాయించే రంగంలో ఏ ప్రేక్షకుడూ నిర్లిప్తుడుగా ఉండలేడు. ఉండాలని బ్రెహ్ట్ కూడా కోరి ఉండడు. అక్కడ జాలియే కార్యరూపం ధరించింది. మాటలు రాని పిల్ల ఊరిని లేపింది, మాటకారి అయిన తల్లి బేరానికని ఊరిలోకి పోయి ఉన్నది. భావావేశం ఒకచోట ఆలోచనను కప్పివేస్తే, మరొకచోట ఆలోచన చేయలేని పని చేస్తుందని ఈ నాటకమే చూపుతున్నది. రచయిత తన సూత్రాలకంటె పెద్దవాడని దీని తాత్పర్యం.

సుద్దగీత మధ్య పిల్లవాడు

'సెజువాన్ మంచి మనిషి'లో, దేవతల అనుగ్రహంతో చిన్న పొగాకు దుకాణం పెట్టుకొన్న షెన్ టె, తన మంచితనంవల్లనే దివాలాకు వస్తుంది. మంచిగా బ్రతకాలంటే మధ్యమధ్య కఠినుడైన పినతండ్రి కొడుకు షుయ్ టాగా వేషం వేయక తప్పదు. మంచితనమూ బ్రతుకూ ఒకచోట ఇమడని లోకంలో ఏమి చేయాలి? దేవతలు సమాధానం చెప్పక మేఘాలలోకి జారుకొంటారు. ముగింపును మీరే వెదకండని నాటకం ప్రేక్షకులకు అప్పగిస్తుంది.

1944లో వ్రాసిన 'కాకేసియన్ సుద్దవలయం' కథ భారతీయునికి తెలిసినట్లే తోస్తుంది. బిడ్డ నాదంటే నాదని ఇద్దరు స్త్రీలు వాదులాడితే, మహోషధ పండితుడు నేలపై గీత గీసి, బిడ్డను గీతపై ఉంచి, చెరొకవైపు లాగమంటాడు. బిడ్డ ఏడుపు విని చేయి వదలినదే కన్నతల్లి. బౌద్ధజాతకంలోని ఈ కథ వంటిదే చైనాలో నాటకమైంది. దానినుంచి బ్రెహ్ట్ తన కథను తీసుకొని, ముగింపును తిరగవేశాడు. తిరుగుబాటు జరిగినప్పుడు గవర్నరు భార్య పట్టుచీరలవంటి విలువైన దుస్తులు ఏరుకొనే సందడిలో పసివాణ్ణి వదలిపోతుంది. వంటింటి పరిచారిక గ్రూషా వాణ్ణి ఎత్తుకొని కొండలు దాటి సాకుతుంది. తర్వాత ఆస్తికోసం తల్లి బిడ్డను కోరుతుంది. న్యాయాధిపతి అజ్దాక్ లంచగొండి. ధర్మశాస్త్ర గ్రంథాన్ని ఆసనంగా వేసుకొని కూర్చునేవాడు. అతడు సుద్దతో వలయం గీయిస్తాడు. బిడ్డకు నొప్పి కలుగుతుందని చేయి వదలినది పెంచినతల్లి. బిడ్డ ఆమెకే దక్కుతాడు. జాతకంలో పరీక్ష సత్యాన్ని బయటపెట్టింది. ఇక్కడ సత్యం ముందే అందరికీ తెలుసు. హక్కు ఎవరిదో మాత్రం తెలియదు. ఏది ఎవరి చేతిలో బాగుపడుతుందో అది వారికే చెందాలన్నది తీర్పు.

తీర్పరి మీద తీర్పు

అందరినీ తీర్పు చెప్పమన్నవాడు తానూ తీర్పుకు కట్టుబడాలి. 'గెలీలియో జీవితం' ఈ విషయంలో అద్దంవంటిది. 1938–39లో డెన్మార్క్‌లో వ్రాసిన మొదటి ప్రతిలో, 1633లో మతన్యాయస్థానం ముందు తన సిద్ధాంతాన్ని ఉపసంహరించుకొన్న గెలీలియో ఉపాయశాలిగా కనిపిస్తాడు. తలవంచి బ్రతికి, రహస్యంగా గ్రంథం పూర్తిచేసి, శిష్యుని ద్వారా దేశం దాటిస్తాడు. నియంతల కాలంలో సత్యాన్ని కాపాడటానికి అదొక మార్గం. 1945 ఆగస్టు 6న హిరోషిమాపై అణుబాంబు పడింది. అప్పుడు నటుడు చార్ల్స్ లాటన్‌తో కలిసి ఇంగ్లీషు ప్రతి తయారుచేస్తున్న బ్రెహ్ట్, గెలీలియోను మళ్ళీ విచారణకు నిలబెట్టాడు. కొత్త ప్రతిలో గెలీలియో తన్ను తాను నేరస్థుడుగా నిర్ణయించుకుంటాడు. తాను నిలబడి ఉంటే వైద్యుల ప్రతిజ్ఞవంటి ధర్మం శాస్త్రజ్ఞులకూ ఏర్పడి ఉండేదని వాపోతాడు.

ఆ ప్రతి 1947 జులై 30న లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో ప్రదర్శితమైంది. సరిగా మూడు నెలలకు, అక్టోబరు 30న, బ్రెహ్ట్ వాషింగ్టన్‌లో అమెరికన్ ప్రతినిధిసభవారి విచారణసంఘం ఎదుట కూర్చున్నాడు. తాను ఏనాడూ కమ్యూనిస్టు పార్టీ సభ్యుణ్ణి కానని చెప్పి, మిగిలిన ప్రశ్నలకు చాకచక్యంగా సమాధానాలిచ్చాడు. సంఘంవారు కృతజ్ఞతలు చెప్పి పంపారు. మరునాడే విమానమెక్కి యూరపుకు వెళ్ళిపోయాడు. మొదటి ప్రతిలోని గెలీలియో చేసినది ఇదే గదా!

తూర్పు బెర్లిన్‌లో అతనికి, వైగెల్‌కు 1949లో 'బెర్లినర్ ఆన్‌సాంబుల్' అనే నాటకసంస్థ ఏర్పడింది. అక్కడా చిక్కులు తప్పలేదు. 1953 జూన్ 17న కార్మికులు ప్రభుత్వంపై తిరుగబడగా సోవియట్ టాంకులు అణచివేశాయి. పార్టీ నాయకుడు ఉల్బ్రిక్ట్‌కు బ్రెహ్ట్ వ్రాసిన లేఖలోనుంచి విధేయతను తెలిపే చివరి వాక్యాన్ని మాత్రమే పత్రికలో ప్రకటించారు. అతని అసంతృప్తి ఒక వ్యంగ్యకవితగా మారింది గాని, అది వెలుగుచూచినది అతని మరణానంతరం. అంతకుముందు, 'మూడు పెన్నీల' చలనచిత్రంలో నాయిక పాత్ర ధరించిన కరోలా నేహర్‌ను 1936లో సోవియట్ అధికారులు నిర్బంధించారు. 1942లో ఆమె చెరలోనే మరణించింది. ఒక మిత్రునికి వ్రాసిన ఉత్తరంలో ఆమెను గురించి వాకబు చేసిన బ్రెహ్ట్, బహిరంగంగా నోరు మెదపలేదు. హౌప్ట్‌మన్, మార్గరెట్ స్టెఫిన్, రూత్ బెర్లావ్ వంటి సహకర్తల కృషికి తగిన గుర్తింపు దక్కిందా అన్న ప్రశ్న కూడా తరువాతి విమర్శకులు లేవదీశారు. ఇవి దాచవలసిన సంగతులు కావు. ఎవరు దేనివల్ల లాభపడ్డారో లెక్కచూడమని మనకు నేర్పినవాడు అతడే.

1956 ఆగస్టు 14న బ్రెహ్ట్ బెర్లిన్‌లో మరణించాడు. తత్త్వవేత్త హెగెల్ సమాధి ఉన్న శ్మశానంలోనే అతణ్ణి ఖననం చేశారు. తరువాతి దశాబ్దాలలో అతని సాధనాలను అందరూ వాడుకొన్నారు. నటుడు ప్రేక్షకునివైపు తిరిగి నేరుగా మాట్లాడటం ఈనాడు వ్యాపార ప్రకటనలలో కూడా పరిపాటి అయింది. ఒకనాడు వింతగొలిపినది అలవాటైపోయింది. కనుక బ్రెహ్ట్‌ను ప్రదర్శించే దర్శకుడు అతని సగం తెరను, దీపాలను తెచ్చుకొన్నంతమాత్రాన బ్రెహ్ట్ రాడు. తన కాలంలో, తన ఊరిలో, అందరూ సహజమని సరిపెట్టుకొన్నది ఏదో దర్శకుడు కనుగొని, దానిని ప్రేక్షకుని ఎదుట వింతగా నిలబెట్టాలి. వైగెల్ తిరిగి సంచిలో వేసుకొన్న నాణెం వంటిది ఒక్కటి దొరికినా చాలును. ఏడ్చేవారు ఏడుస్తారు, ఏడ్చిన తరువాత లెక్క అడుగుతారు.